పిడుదుల జ్వరం తిరగబెట్టింది, ఇంట్లో పిల్లి కూడా ఉంది: అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

పటమట నివాసి

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, పటమట. ఇంట్లో సింబా అనే నాలుగున్నరేళ్ల మగ లాబ్రడార్, చిన్ని అనే రెండేళ్ల ఆడపిల్లి ఉన్నాయి. సింబా బరువు వేసవిలో 29 కిలోలు ఉండేది, మొన్న తూచితే 26 చూపించింది. చిన్ని మూడు కిలోల పైచిలుకు ఉంటుంది.

జులైలో సింబా మూడు రోజులపాటు తిండి ముట్టలేదు. చెవులు, పొట్ట పట్టుకుంటే కాలిపోతున్నాయి. అప్పటికే చెవుల లోపల, కాలి వేళ్ల సందుల్లో పిడుదులు కనిపిస్తుండేవి, మా అమ్మ వాటిని గోమార్లంటుంది. డాక్టరు గారు రక్తం తీసి అక్కడికక్కడే కిట్ మీద పరీక్షించి, ఎర్లికియా అనే పిడుదుల జ్వరమని చెప్పి, డాక్సీసైక్లిన్ మాత్రలు 28 రోజులకు రాసిచ్చారు. మూడో రోజుకే వాడు లేచి గేటు దగ్గరకు పరుగెత్తాడు. ఇక్కడ మా తప్పు ఒప్పుకోవాలి. మాత్ర వేసిన ప్రతిసారీ వాంతి చేసుకుంటుండటంతో, పైగా ఇన్ని మాత్రలు మింగిస్తే లివరు పాడవుతుందని మా నాన్నగారు భయపడటంతో, 12వ రోజున ఆపేశాం. ఆ తరువాత కుక్క హాయిగానే ఉందనిపించి ఎవరమూ ఆ సంగతి మళ్లీ తలచుకోలేదు.

గత ఆదివారం పొద్దున్న వాడు పడుకున్న చోట టైల్స్ మీద రక్తపు చుక్కలు కనిపించాయి. ఎడమ ముక్కు రంధ్రం నుంచి సన్నగా కారుతోంది. రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు 42,000, హిమోగ్లోబిన్ 8.1, తెల్లకణాలు 5,200 వచ్చాయి. కిట్ పరీక్షలో ఎర్లికియా మళ్లీ పాజిటివ్. డాక్టరు గారు నవంబరు 11న డాక్సీసైక్లిన్ మళ్లీ మొదలుపెట్టి, వీలైతే బాబేసియా అనే మరో పిడుదుల క్రిమికి పీసీఆర్ పరీక్ష (రక్తంలో క్రిమి జన్యుపదార్థాన్ని వెతికేది) కూడా చేయించమన్నారు. ఆసుపత్రిలో ఆ రోజు రద్దీ ఎక్కువగా ఉండటం వల్ల నా సందేహాలన్నీ ఆయనను అడగలేకపోయాను.

ఇది జులై నాటి జబ్బే తిరగబెట్టిందా, లేక కొత్తగా పట్టుకుందా? కిట్ పాజిటివ్ రావడమంటే జబ్బు ఇప్పుడు ఒంట్లో ఉన్నట్టేనా? రాత్రి జ్వరం పెరిగితే అర పారాసిటమాల్ వేయవచ్చని మా వీధి మందుల దుకాణంలో చెప్పారు, వేయవచ్చా? సింబా మెడ వెనుక పోయడానికి తెచ్చిన పిడుదుల మందు సీసాలో సగం మిగిలింది, దాన్ని చిన్నికి కూడా రెండు చుక్కలు పోస్తే సరిపోతుందా? చివరి సందేహం మా అమ్మది. ఇంట్లో ఆరేళ్ల మనవడున్నాడు, ఈ జ్వరం కుక్క నుంచి వాడికి అంటుకుంటుందేమోనని ఆమె సింబాను వరండాలోనే ఉంచుతోంది. సింబా తలుపు దగ్గర కూర్చుని లోపలికి చూస్తూ ఉంటే నాకు మనసు ఒప్పడం లేదు.

గుంటూరు బాటసారి

అమ్మా, కంగారు పడకండి. మా స్పిట్జ్‌కు రెండేళ్ల కిందట ప్లేట్‌లెట్లు 30,000కు పడిపోతే బొప్పాయి ఆకు రసం రోజుకు రెండు చెంచాలు పట్టించాము, వారం తిరిగేసరికి లక్ష దాటాయి. మా ఇంట్లో డెంగీ వచ్చినప్పుడు మనుషులకూ అదే ఇచ్చుకున్నాము. మేక కార్జం ఉడికించి పెడితే రక్తం పడుతుంది. డాక్టరు రాసిన మాత్రలు కూడా వేశామనుకోండి, కానీ నాకు మాత్రం ఆకు రసం మీదే గురి. మిగతా ప్రశ్నలకు తెలిసినవారు చెబుతారు.

విశ్రాంత పశువైద్యుడు

అమ్మా, నేను ప్రభుత్వ పశువైద్యశాలల్లో మూడు దశాబ్దాలు పనిచేసి విరమించినవాడిని. సింబాను నేను చూడలేదు గనుక మీ డాక్టరు గారి మాటకు బదులుగా నా మాట తీసుకోవద్దు. ఆయనకు చెప్పే తీరిక లేకపోయిన సంగతులను మాత్రం వివరించగలను.

ముందుగా జబ్బు నడక తెలుసుకోవాలి. ఎర్లికియా కేనిస్ అనేది తెల్లకణాల్లో ఒక రకమైన మోనోసైట్లలో దూరి బతికే సూక్ష్మక్రిమి. కుక్కలను పట్టే గోధుమరంగు పిడుదు కరిచినప్పుడు దాని లాలాజలంతో పాటు రక్తంలోకి చేరుతుంది. కరిచిన ఒకటి నుంచి మూడు వారాల్లో జ్వరం, తిండి మానేయడం, గ్రంథులు వాయడం మొదలవుతాయి. మీరు జులైలో చూసింది ఈ తొలి దశనే. విచిత్రమేమిటంటే ఏ మందూ వేయకపోయినా చాలా కుక్కలు రెండు నుంచి నాలుగు వారాల్లో వాటంతట అవే తేరుకున్నట్టు కనిపిస్తాయి. క్రిమి మాత్రం ప్లీహంలో దాక్కుని ఉంటుంది. ఈ నిశ్శబ్ద దశ నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగుతుంది. ఆ కాలంలో కుక్క తింటుంది, ఆడుతుంది, కాపలా కాస్తుంది. రక్తం పరీక్షిస్తే మాత్రం ప్లేట్‌లెట్లు కాస్త తక్కువగా కనిపిస్తాయి. ఆ తరువాత కొన్ని కుక్కలు మూడో దశకు జారుకుంటాయి. అప్పుడు దెబ్బ తగిలేది ఎముకల్లోని మూలుగకు, అంటే రక్తం తయారయ్యే చోటికే. అందుకే ఆ దశలో ప్లేట్‌లెట్లు, ఎర్రకణాలు, తెల్లకణాలు మూడూ కలిసి పడిపోతాయి, ముక్కు నుంచి రక్తం కారుతుంది.

ఈ క్రిమిని 1935లో అల్జీరియాలో తొలిసారి గుర్తించారు. కానీ ప్రపంచం దీన్ని పట్టించుకున్నది వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం వెంట ఉన్న జర్మన్ షెపర్డ్ కుక్కలు ముక్కు నుంచి రక్తం కారుతూ వందల సంఖ్యలో చనిపోయాకే. ఆ జాతికి ఈ జబ్బు ఇప్పటికీ తీవ్రంగానే వస్తుంది. లాబ్రడార్లు వాటికంటే కొంత నయం.

ఇక మీ రిపోర్టు. కుక్కల్లో ప్లేట్‌లెట్లు సుమారు 2 లక్షల నుంచి 5 లక్షల దాకా, హిమోగ్లోబిన్ దాదాపు 12 నుంచి 18 దాకా ఉండాలి. తెల్లకణాలు 6,000 కంటే తగ్గితే ఆలోచించాలి. ఆ లెక్కన సింబాకు మూడు వరుసలూ తక్కువే. అయితే భయపడవలసినంత లోతుకు పడిపోలేదు. ప్లేట్‌లెట్ల అంకెను ఒక్క యంత్రం మాట మీద నమ్మకండి. సూది గుచ్చేటప్పుడు రక్తం కాస్త గడ్డకట్టినా ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని గుంపులవుతాయి, యంత్రం వాటిని లెక్కలోకి తీసుకోదు. స్లయిడ్ మీద రక్తపు పూత తీయించి సూక్ష్మదర్శినిలో చూడమని అడగండి. పెద్దగా ఖర్చు కాని పని ఇది. అదే స్లయిడ్‌లో ఎర్రకణాల లోపల బాబేసియా కూడా కొన్నిసార్లు దొరికిపోతుంది.

తిరగబెట్టిందా, కొత్తగా పట్టిందా అన్నది కచ్చితంగా తేల్చడం కష్టం. ఒకసారి వచ్చినంత మాత్రాన మళ్లీ రాకుండా ఆపే శక్తి కుక్కకు ఏర్పడదు, కాబట్టి మరో పిడుదు కుట్టి కొత్తగానూ వచ్చి ఉండవచ్చు. కానీ 12 రోజులకే మందు ఆపిన చరిత్ర ఉన్నప్పుడు నా అనుమానం పాత జబ్బు మీదికే పోతుంది. రెండింటికీ మందు ఒకటే గనుక ఆ తేడా గురించి మనసు పాడుచేసుకోకండి.

కిట్ చూపేది క్రిమిని కాదు, క్రిమిని ఎదిరించడానికి కుక్క శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలను. జబ్బు పూర్తిగా నయమయ్యాక కూడా అవి నెలలు, ఒక్కోసారి ఏళ్లు రక్తంలో ఉండిపోతాయి. జులైలో పాజిటివ్ వచ్చిన కుక్కకు నవంబరులో పాజిటివ్ రావడంలో వింత లేదు. వచ్చే ఏడాది హాయిగా ఉన్న సింబాకు ఎవరైనా ఆ కిట్ వేసి పాజిటివ్ చూపిస్తే, అంతమాత్రానికే మళ్లీ నెల రోజుల మందు మొదలుపెట్టనివ్వకండి. ఇప్పుడు మందు వేయవలసింది ముక్కు నుంచి రక్తమూ, పడిపోయిన కణాల లెక్కా కనిపిస్తున్నాయి కాబట్టి.

మీ డాక్టరు గారు బాబేసియా మాట ఎత్తడం సరైన పని. పిడుదులు ఒక్కోసారి రెండు మూడు క్రిములను ఒకేసారి మోస్తాయి. బాబేసియా ఎర్రకణాల్లో దూరి వాటిని పగలగొడుతుంది. చిగుళ్లు పాలిపోవడం, కళ్లు పచ్చబడటం, మూత్రం టీ డికాక్షన్ రంగులో రావడం దాని గుర్తులు. మన దేశంలో కనిపించే బాబేసియాల్లో పెద్దదైన వోగెలీకి ఇమిడోకార్బ్ సూదిమందు రెండు వారాల తేడాతో రెండుసార్లు వేస్తే సాధారణంగా లొంగుతుంది. చిన్నదైన గిబ్సోనీ ఆ సూదికి సరిగా లొంగదు, దానికి వేరే మందుల జత కావాలి. రెండింటిలో ఏదైనా సరే డాక్సీసైక్లిన్ ఒక్కదానితో పోదు. హిమోగ్లోబిన్ 8.1 ఉన్న కుక్కకు ఈ పరీక్ష దండగ ఖర్చు కాదు. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల మీకు దగ్గరే కదా, రక్త నమూనా గురించి అక్కడ ఒకసారి విచారించండి.

మాత్ర సంగతి. డాక్సీసైక్లిన్ మోతాదు కుక్క బరువులో కిలోకు రోజుకు 10 మిల్లీగ్రాముల లెక్కన, ఒకేసారి గానీ రెండు సగాలుగా గానీ, 28 రోజులపాటు వేస్తారు. మూడు రోజుల్లో కుక్క లేచి తిరగడం మందు పనిచేస్తోందనడానికి గుర్తు మాత్రమే, జబ్బు పోయిందనడానికి కాదు. జులైలో ఎందుకు వాంతి చేసుకుందో నేను ఊహించగలను. ఖాళీ కడుపున వేసి ఉంటారు, లేదా పెరుగన్నం ముద్దలో పెట్టి ఉంటారు. మన ఇళ్లలో మాత్ర దాచేది పెరుగన్నంలోనే కదా. ఖాళీ కడుపున వేస్తే వాంతి అవుతుంది, పెరుగు, పాలతో వేస్తే వాటిలోని కాల్షియం మందును పట్టి ఉంచి ఒంటికి అందే భాగాన్ని తగ్గిస్తుంది. కోడి ఉడికించిన నీళ్లతో కలిపిన అన్నం నాలుగు ముద్దలు పెట్టి, అయిదో ముద్దలో మాత్ర దాచి, ఆ తరువాత మరో రెండు ముద్దలు తినిపించండి. ఐరన్, కాల్షియం టానిక్కులు రాసి ఉంటే వాటికీ మాత్రకూ కనీసం రెండు మూడు గంటల ఎడం ఉంచండి. అయినా వాంతులు ఆగకపోతే డాక్టరుకు చెప్పండి, రోజు మోతాదును రెండు పూటలకు విడగొట్టడం వంటి ఉపాయాలు ఆయన దగ్గర ఉంటాయి. మీ అంతట మీరు ఆపకండి. లివరు గురించి మీ నాన్నగారి భయాన్ని తీసిపారేయను. మధ్యలో ఒకసారి లివరు పరీక్ష చేయించమని అడగండి, కాగితం మీద అంకె చూస్తే ఆయనకూ నిమ్మళంగా ఉంటుంది.

కార్జం పెట్టమన్న బాటసారి గారి మాట మంచిదే, మితంగా పెట్టండి. ఆకు రసం విషయంలో మాత్రం ఆయనతో ఏకీభవించలేను. ఎర్లికియాను చంపింది ఆయన పక్కనే వేసిన మాత్రలు. అసలే తిండికి మొహం తిప్పుకునే కుక్క నోట్లో చేదు రసం పోస్తే వాంతి చేసుకుంటుంది, దాంతో మాత్ర కూడా బయటికి వస్తుంది. ఇంకొక మాట. రక్తం పట్టాలని మాంసం కూర మిగులు కలిపి పెట్టేవారున్నారు. అందులోని ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కల్లోనూ పిల్లుల్లోనూ ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. రక్తహీనత ఉన్న కుక్కకు ఉల్లిపాయ కూర పెట్టడం కంటే ఖాళీ అన్నం పెట్టడం మేలు.

పారాసిటమాల్ సింబాకు మీరుగా వేయవద్దు. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ అసలే వద్దు. అవి కుక్క కడుపులో పుండ్లు పుట్టించి రక్తం కారేలా చేస్తాయి. ప్లేట్‌లెట్లు 42,000 ఉన్న కుక్కకు కడుపులో రక్తం మొదలైతే దాన్ని ఆపడం తేలిక కాదు. డైక్లోఫెనాక్‌ను పశువైద్యంలో 2006లోనే మన దేశంలో నిషేధించారు. ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిని చనిపోతున్న రాబందుల కోసం నిషేధించారనుకోండి, కుక్కకు కూడా అది మంచిది కాదు. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది, మనకంటే ఎక్కువ. చేత్తో తాకి జ్వరమనుకోవడం చాలాసార్లు పొరపాటు అవుతుంది. థర్మామీటరులో 103.5 దాటితే డాక్టరుకు ఫోన్ చేయండి, ఆలోగా పాదాలను, పొట్టను తడిగుడ్డతో తుడవండి.

ముక్కు నుంచి మళ్లీ రక్తం వస్తే కుక్కను కదలనివ్వకుండా కూర్చోబెట్టి, మంచు ముక్కలు చుట్టిన గుడ్డను ముక్కు పైభాగాన ఆనించండి. దూది లోపలికి తొయ్యకండి, అది తుమ్మితే మరింత కారుతుంది. నెల రోజులపాటు ఎముకలు పెట్టకండి, మెడ పట్టీకి బదులు ఛాతీ పట్టీ వాడండి. రోజూ పొద్దున్న పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదలండి. రెండు సెకన్లలో గులాబి రంగు తిరిగి రావాలి. చిగురు తెల్లకాగితంలా ఉన్నా, మలం తారులా నల్లగా వచ్చినా, కంటి నల్లగుడ్డు మీద నీలిపొర కమ్మినా, కూర్చున్నచోటే రొప్పుతున్నా అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా తీసుకెళ్లండి. రక్తం ఎక్కించవలసి రావచ్చు.

మీ అమ్మగారికి చెప్పండి, ఈ జబ్బు కుక్కను తాకితే, కుక్క నాకితే మనుషులకు అంటుకోదు. ప్రమాదం ఏదైనా ఉంటే పిడుదుతోనే. గోధుమరంగు పిడుదు ఎక్కువగా కుక్కనే కోరుకుంటుంది. ఎప్పుడైనా మనిషిని కుడితే టిక్ టైఫస్ వంటి వేరే జ్వరాలు రావచ్చు. అందుచేత పిడుదులను గోళ్లతో నలపకండి, మనవణ్ణి పీకనివ్వకండి. సింబాను వరండాలో ఉంచినందువల్ల పిల్లవాడికి అదనంగా ఒరిగేదేమీ లేదు.

మూడు పిల్లుల ఇల్లు, సికింద్రాబాద్

డాక్టరు గారు కుక్క గురించి ఇంత వివరంగా చెప్పాక నేను చేర్చడానికేమీ లేదు, పిల్లి గురించి మాత్రం చెప్పాలి. ఆ సగం సీసాను దయచేసి చిన్నికి వాడకండి. వెంటనే సీసా మీద రాసిన మందు పేరు చదవండి. పెర్మెత్రిన్ అని గానీ, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ అని గానీ ఉంటే ఆ మందు పిల్లికి విషం. కుక్క లివరు ఆ మందును విరిచి బయటికి పంపగలదు, పిల్లి లివరుకు ఆ శక్తి బాగా తక్కువ. కొద్ది గంటల్లోనే చెవులు అదరడం, ఒళ్లంతా వణకడం, ఆపై ఫిట్స్ వస్తాయి.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. నాలుగేళ్ల కిందట మా పక్కింటివారు కుక్కకు తెచ్చిన చుక్కలను ప్రేమకొద్దీ మా మగపిల్లికి కూడా పోశారు. సాయంత్రానికి దాని ముఖం, చెవులు మెలి తిరుగుతున్నట్టు అదురుతున్నాయి. ఒక దుకాణదారుకు ఫోన్ చేస్తే పాలు పట్టించమన్నాడు. అదృష్టం బాగుండి, అతని మాట వినకుండా, మా చెల్లెలు చెప్పినట్టు గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతో గోరువెచ్చని నీళ్లలో మెడ నుంచి తోకదాకా రెండుసార్లు కడిగి, తువ్వాలు చుట్టి ఆసుపత్రికి పరుగెత్తాము. రెండు రాత్రులు అక్కడే మందులిచ్చి వణుకు ఆపారు. బతికింది. వణుకు మొదలైన పిల్లిని కడగడం కంటే ముందు ఆసుపత్రికి తీసుకెళ్లడమే మంచిదని డాక్టరు తరువాత చెప్పారు. కడగడం ఇంకా లక్షణాలు మొదలుకాని పిల్లికి ఎక్కువ పనికొస్తుందట.

చిన్నికి నేరుగా పోయకపోయినా ప్రమాదమే. కుక్కకు ఆ మందు పోశాక పిల్లి దాని పక్కన పడుకున్నా, మెడ నాకినా చాలు. పిల్లి ఉన్న ఇంట్లో కుక్కకు కూడా ఆ రకం మందు వాడకపోవడమే మంచిది. ఇప్పటికే పోసి ఉంటే కనీసం మూడు రోజులు రెండింటినీ వేరు వేరు గదుల్లో ఉంచండి. పిల్లులకు ఫిప్రోనిల్ చుక్కలు పిల్లుల మోతాదులోనే విడిగా దొరుకుతాయి, చిన్ని బరువు చెప్పి డాక్టరును అడిగి తెచ్చుకోండి.

పారాసిటమాల్ గురించి ఒక మాట గట్టిగా చెబుతాను. కుక్క విషయంలో డాక్టరు మోతాదు లెక్కగట్టి ఇవ్వడానికి ఎంతో కొంత అవకాశం ఉంది, పిల్లికి మాత్రం అసలు లేదు. 500 మిల్లీగ్రాముల ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు. రక్తం ఆక్సిజన్ మోయలేక చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది. పొరపాటున తిన్నదని తెలిస్తే లక్షణాల కోసం కనిపెట్టుకుని కూర్చోకండి, దానికి విరుగుడు మందు ఉంది, గంటల్లో వేయాలి.

ఇంకా రెండు వస్తువులు మన ఇళ్లలో ఎవరూ అనుమానించనివి. గోమార్ల భయంతో గచ్చు మీద ఫినాయిల్ గుమ్మరిస్తాము. ఫినాల్ జాతి మందులు పిల్లికి పడవు. తడి ఆరని గచ్చు మీద నడిచి, పాదాలు నాకి, లోపలికి తీసుకుంటుంది. బట్టల బీరువాల్లో కలరా ఉండలు వేస్తాము, అవీ అంతే. కర్పూరం కొబ్బరి నూనెలో కలిపి రాస్తే పిడుదులు పోతాయని చెప్పేవారుంటారు, ఒంటికి రాసింది ఏదైనా పిల్లి నాకకుండా ఉండదు.

పటమట నివాసి

అందరికీ ధన్యవాదాలు. ఆ సీసా మీద పెర్మెత్రిన్ అనే ఉంది. చదివాక కాసేపు చేతులు వణికాయి. చిన్నికి పోయలేదు, సింబాకు పోసి నెల దాటింది. సీసాను మూత బిగించి పారేశాను.

ఈ రోజుకు మందు మొదలుపెట్టి ఆరు రోజులు. పెరుగన్నం సంగతి అక్షరాలా నిజం, జులైలో రోజూ అందులోనే పెట్టాం. ఇప్పుడు కోడి నీళ్ల అన్నంతో వేస్తుంటే ఒక్క వాంతి కూడా లేదు. స్లయిడ్ చూసి ప్లేట్‌లెట్ల గుంపులు కొన్ని ఉన్నాయన్నారు, అసలు లెక్క 60,000 దాకా ఉండవచ్చట. బాబేసియా పీసీఆర్ నెగెటివ్ వచ్చింది. ముక్కు నుంచి రక్తం ఆగింది. సింబా మళ్లీ హాల్లోకి వచ్చేశాడు.

ఇప్పుడు కొత్త సమస్య. నిన్న సింబా పడుకునే మూల గోడకు కట్టిన స్విచ్‌బోర్డు వెనుక, కిటికీ చెక్క సందులో, నా భుజమెత్తున, కందిగింజలంత పిడుదులు గుంపుగా కనిపించాయి. కుక్క ఒంటి మీద వెతికితే ఒకటీ రెండే ఉన్నాయి. మందు కొట్టేవాళ్లను పిలుద్దామనుకుంటున్నాను. పిల్లి ఉన్న ఇంట్లో అది ఎలా చేయించాలి? కుక్కకు పెట్టే నమిలే బిళ్ల ఒక్కటి వేస్తే గోడల్లోవి కూడా పోతాయా?

కర్నూలు మిద్దె

మేము ఈ యుద్ధం తొమ్మిది నెలలు చేసినవాళ్లం, కనుక నేను చెబుతాను. కుక్క మీద కనిపించేవి మొత్తం పిడుదుల్లో కొద్ది భాగమే. ఈ గోధుమరంగు పిడుదు పిల్లదశలో ఒకసారి, నడిమి దశలో ఒకసారి, పెద్దయ్యాక ఒకసారి కుక్క రక్తం తాగి, ప్రతిసారీ దిగిపోయి గోడ సందుల్లో చర్మం మార్చుకుంటుంది. రక్తం నిండిన ఆడపిడుదు వేల గుడ్లు పెడుతుంది. తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది, అందుకే ఆరు నెలలు తాళం వేసిన ఇంట్లోకి కుక్కతో వచ్చినా మళ్లీ ఎక్కుతాయి. వేడిగా ఉన్న ఇంట్లో ఒక తరం పూర్తికావడానికి రెండు మూడు నెలలు చాలు. ఒక్కసారి మందు కొట్టించి చేతులు దులుపుకుంటే గుడ్లలోంచి వచ్చినవి మళ్లీ మొదలుపెడతాయి. పైకి ఎగబాకడం దీని స్వభావం, మీరు భుజమెత్తున చూసింది అందుకే. మేమైతే అటక చెక్కల సందుల్లో కూడా చూశాం.

మేము చేసింది ఇది. ముందు సిమెంటు, వైట్ సిమెంటు తెచ్చి పగుళ్లన్నీ పూడ్చాం. కుక్క పడుకునే గోనెపట్టా కాల్చేసి, మరిగే నీళ్లలో నానబెట్టగలిగే గుడ్డ పరుపు వేశాం. వాక్యూమ్ క్లీనర్ గొట్టం గోడ మూలల్లో, కిటికీ చట్రాల్లో రోజూ తిప్పి, ఆ సంచిని సబ్బు నీళ్లలో ముంచాం. మందు కొట్టించినప్పుడు జంతువులన్నిటినీ బయటికి పంపి, పూర్తిగా ఆరి గాలి ఆడాకే లోపలికి తెచ్చాం. మళ్లీ మూడు వారాలకు, ఇంకో మూడు వారాలకు కొట్టించాం. మా ఇంట్లో పిల్లి లేదు, పిల్లి సంగతి డాక్టరు గారు చెప్పాలి. ఒంటి మీద ఉన్నవాటిని చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిలువుగా లాగి, స్పిరిట్ ఉన్న సీసాలో వేసేవాళ్లం. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్ల చూపడం మా తాతల కాలం పద్ధతి, దాంతో పిడుదు ఊడకపోగా కుక్క చర్మం కాలుతుంది.

విశ్రాంత పశువైద్యుడు

కర్నూలు వారు చెప్పినదంతా సరైనదే. గోడలకు కొట్టే మందులు చాలావరకు సికింద్రాబాద్ వారు చెప్పిన పెర్మెత్రిన్ కుటుంబానివే, కాబట్టి మందు పేరు ముందే అడిగి, ఆ రకమైతే చిన్నిని రెండు మూడు రోజులు బంధువుల ఇంట్లో ఉంచండి. ఆరిన తరువాత గచ్చు తడిగుడ్డతో తుడిచి, పిల్లి తినే, తాగే గిన్నెలు కడిగి, అప్పుడు తీసుకురండి.

నమిలే బిళ్లల్లో ఫ్లురలానర్ దాదాపు 12 వారాలు, అఫాక్సొలానర్ నెల రోజులు పనిచేస్తాయి. గోడల్లోని పిడుదులను అవి నేరుగా చంపవు, కుక్క రక్తం తాగడానికి ఎక్కినవాటిని చంపుతాయి. అయినా ఎక్కిన ప్రతి పిడుదూ గుడ్లు పెట్టకుండానే చనిపోతుంటే మూడు నాలుగు నెలల్లో గోడలు కూడా ఖాళీ అవుతాయి. ఒక లోపం ఉంది. పిడుదు కుట్టాకే చస్తుంది, ఎర్లికియా మాత్రం కుట్టిన కొన్ని గంటల్లోనే రక్తంలోకి దిగగలదు. అందుకే బిళ్ల వేశాం కదా అని వెతకడం మానకూడదు. సింబాకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే ఆ బిళ్ల వేసేముందు డాక్టరుకు చెప్పండి. ఈ జాతి మందులతో కొన్ని జంతువుల్లో వణుకు, ఫిట్స్ కనిపించాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. పిడుదులకని ఐవర్‌మెక్టిన్ సూది వేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. కోలీ వంటి జాతుల్లో ఉండే ఒక జన్యులోపం వల్ల ఆ మందు మెదడుకెక్కి కోమాలోకి వెళ్లే కుక్కలున్నాయి. లాబ్రడార్‌లో అది సాధారణం కాదు, కానీ పిడుదులకు ఇంతకంటే మంచి మందులు ఉన్నప్పుడు ఆ సూదితో పనేముంది?

రక్తం లెక్క వచ్చే వారం ఒకసారి, మందు పూర్తయ్యాక ఒకసారి, ఆ తరువాత మూడు నాలుగు వారాలకు మరొకసారి చేయించండి. మందు ఆపాక కూడా ప్లేట్‌లెట్లు నిలకడగా ఉన్నాయా లేదా అన్నది చెప్పేది ఆ చివరి పరీక్షే. చాలామంది చేయించనిది కూడా అదే.

పటమట నివాసి

నవంబరు 11 నుంచి లెక్కేస్తే చివరి మాత్ర డిసెంబరు 8న. వంటింటి క్యాలెండరు మీద 28 గళ్లు గీశాను, మాత్ర వేసినప్పుడల్లా ఒక్కో గడి కొట్టేసే పని మా నాన్నగారు తీసుకున్నారు. చివరి పరీక్షకు జనవరి మొదటి వారంలో తేదీ రాశాను. శనివారం మందు కొట్టేవాళ్లు వస్తున్నారు, చిన్ని శుక్రవారం సాయంత్రమే మా పిన్ని వాళ్లింటికి వెళుతుంది. ప్లేట్‌లెట్ల లెక్క రాగానే ఇక్కడే రాస్తాను.